మోకాలి బుట్ట

జూన్ 3, సోమవారం

బాబు టోపీ మళ్ళీ బిగుతయింది. ఉతికినప్పుడు బట్ట ముడుచుకుపోయినట్టుంది.

జూన్ 4, మంగళవారం

కొత్త టోపీ కుట్టాను. ఈసారి రెండు వేళ్ళ లూజు వదిలాను. బళ్ళు తెరిచే రోజులు కదా, కొట్టు నిండా యూనిఫారాల నీలం గుడ్డే. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కల్లోంచి తీశాను. ఆయన చూసి, ఈ గుడ్డ ముడుచుకోదే, నేను తడిపి ఆరేశాకే కదా కత్తెర పెట్టేది అన్నారు.  కొన్ని గుడ్డలు రెండోసారి కూడా ముడుచుకుంటాయి.

ఈ డైరీ దారాల కంపెనీవాళ్ళు ఆయనకు ఇచ్చింది. ఆయన అన్నీ తలలోనే రాసుకుంటారు, పుస్తకం అక్కర్లేదు. నేను చదివింది ఐదో తరగతి. రాసి చాలా రోజులైంది. అక్షరాలు వంకర పోతున్నాయి. అయినా చూసేదెవరు.

జూన్ 6, గురువారం

బాబుకు టీకా వేయించడానికి అత్తయ్యా నేనూ వెళ్ళాం. ఆయనకు కొట్టు వదిలే తీరిక లేదు. అత్తయ్య వాణ్ణి జడ్జిగారు అంటుంది. మూడు నెలల పిల్లాడికి ఉండాల్సిన మొహం కాదట వాడిది, ఎదుటివాళ్ళు తప్పు ఒప్పుకునేదాకా చూస్తూనే ఉంటాడట.

పిల్లల డాక్టరు టేపు పెట్టి వాడి తల కొలిచింది. మళ్ళీ కొలిచింది. కాగితం మీద వంపు తిరిగిన గీతలున్నాయి, అన్నిటికీ పైనున్న గీత దాటి చుక్క పెట్టింది. మాడు మీద వేళ్ళతో నొక్కి చూసింది. అక్కడికక్కడే మాడు మీద పెట్టి చిన్న స్కాను కూడా చేశారు. తలలో నీరు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందట, ఎక్కడైనా దారి మూసుకుపోయిందా లేదా అన్నది ఇందులో తెలియదట. పెద్ద యంత్రంలో తీయించాలి. దారి మూసుకుపోయి ఉంటే ఆపరేషను చేసి, తలలోంచి నీరు దిగడానికి సన్నటి గొట్టం పెట్టాలి. మూసుకుపోకపోతే ఏమీ చేయక్కర్లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా పెద్ద తల ఉందా అని డాక్టరు అడిగింది. అత్తయ్య వీపు నిటారుగా పెట్టి, "మా వంశంలో అలాంటివేమీ లేవమ్మా" అంది. డాక్టరు రాసుకుంది.

మెట్లు దిగుతుంటే అత్తయ్య, అడగాల్సినవన్నీ అడిగావా అంది. తలూపాను. నేను అడిగింది ఒక్కటే, బయటికి దారెటు అని. అదీ డాక్టరును కాదు, ఆయాను.

జూన్ 7, శుక్రవారం

టోపీని వేడినీళ్ళలో ఉతికింది నేనే. అందుకే ముడుచుకుంది.

జూన్ 9, ఆదివారం

కొట్టుకు సెలవు. సెలవు రోజు జడ్జిగారికి నిద్ర ఉండదు. గోడ అవతల ఆయన మిషను కొడుతుంటేనే ఇవతల ఉయ్యాలలో పడుకుంటాడు. కడుపులో ఉన్నప్పటి నుంచీ వింటున్న చప్పుడు. భోజనానికి మిషను ఆపితే చాలు, కళ్ళు తెరిచి ఎవరు ఆపమన్నారన్నట్టు చూస్తాడు.

మధ్యాహ్నం ఎంత ఊపినా ఏడుపు ఆపలేదు. ఆయన వెళ్ళి తలుపు వేసి ఉన్న కొట్లో కూర్చుని, దారం లేకుండా, గుడ్డ లేకుండా ఖాళీ మిషను తొక్కారు. వాడు పడుకున్నాడు. వాడు పడుకున్నాక కూడా ఆయన చాలాసేపు తొక్కుతూనే ఉన్నారు.

జూన్ 11, మంగళవారం

స్కాను అయింది. అయిందని అనలేం.

యంత్రం గోడలా ఉంది, మధ్యలో గుండ్రటి గుహ. తల పెట్టడానికి తెల్లటి బుట్ట ఒకటి ఉంది, ముందు కటకటాల్లాంటి మూత. అది పెద్దవాళ్ళ తలకు చేసింది. అందులో మావాడు గంపలో పెట్టిన నిమ్మకాయలా ఉన్నాడు. చుట్టూ గుడ్డలు కుక్కారు. పెద్దమ్మా మీరూ లోపల ఉంటారా అని స్కాను తీసే అతను అడిగితే అత్తయ్య ఇనుప వాసన పడదంది. నన్ను అడిగినట్టో అడగనట్టో తెలియలేదు, నేను తలుపు బయటే నిలబడిపోయాను.

యంత్రం మోగినంతసేపూ వాడు ఊరుకున్నాడు. అది ఒక మోతకూ ఇంకో మోతకూ మధ్య ఆగుతుంది. ఆగినప్పుడల్లా వాడు లేచి కదిలాడు, ఏడ్చాడు. అద్దంలోంచి వాడి కాళ్ళు కనిపించాయి. లోపలికి వెళ్తానని అడుగుదామనుకున్నాను. కంప్యూటరు దగ్గర ఇద్దరు మగవాళ్ళు ఉన్నారు.

అడిగినా వెళ్ళనిచ్చేవారు కాదు.

జూన్ 12, బుధవారం

అడిగి ఉండాల్సింది.

జూన్ 13, గురువారం

డాక్టరు ఆ ఫోటోలను దీపం ముందు పెట్టి చూసింది. నాకూ చూపించింది. బొమ్మంతా ఇసుక చల్లినట్టుంది. వాడు కదిలినచోట గీతలు చెదిరిపోయాయి. "వీటిని చూసి ఉందని చెప్పలేను, లేదనీ చెప్పలేను" అంది. మత్తిచ్చి పడుకోబెట్టి తీయొచ్చు గానీ వాడికి జలుబూ గురకా ఉన్నాయి, ఇప్పుడు మత్తు వద్దంది. స్కాను వాళ్ళతో తనే మాట్లాడతానంది.

ఆయనకు చెప్తే, కత్తెర పక్కన పెట్టి, మంచం మీద కూర్చుని, పెద్దవాడి కొలతకు కుట్టిన చొక్కా పసివాడికి తొడిగితే ఎలా సరిపోతుంది, వాళ్ళ దగ్గర చిన్న సైజు లేదా అన్నారు. ఆ మాట నువ్వు డాక్టరును అడిగి ఉండాల్సింది అని ఆయన అనలేదు. అననందుకు ఇంకా బాధగా ఉంది.

జూన్ 14, శుక్రవారం

స్కాను కౌంటరు దగ్గర వచ్చే బుధవారానికి రాశారు. వాణ్ణి ఆకలితోనూ నిద్రతోనూ తీసుకురావాలట. అక్కడే కడుపు నిండా పాలిచ్చి, గుడ్డలో గట్టిగా చుట్టేస్తే వాడంతట వాడే పడుకుంటాడట. మందు లేదు, సూది లేదు.

తరువాత కౌంటరాయన ఫోనులో లోపలివాళ్ళతో, "బుధవారం ఆ పసివాడికి మోకాలి కాయిల్ తీసి ఉంచండి" అన్నాడు.

మోకాలి.

నేను స్పష్టంగా విన్నాను. వాడికి చూడాల్సింది తల. నా వెనక ఎవరో దగ్గారు, నేను పక్కకు తప్పుకున్నాను. బస్సెక్కాను.

జూన్ 15, శనివారం

వాళ్ళు చదువుకున్నవాళ్ళు. వాళ్ళకు తెలియకుండా చేస్తారా. తలకూ మోకాలికీ నరాలు ఉంటాయి.

వాడికి స్నానం చేయించేటప్పుడు మోకాళ్ళు చూశాను. రెండూ బాగున్నాయి. పాలకోవాల్లా ఉన్నాయి.

జూన్ 16, ఆదివారం

ఇంకెవరిదో కాగితం మావాడి కాగితంతో కలిసిపోయి ఉంటుంది. మోకాలు నొప్పి ఉన్నవాడెవడో అదే బుధవారం వస్తున్నాడేమో. మావాడికి మోకాలు తీసి, అతనికి తల తీసి పంపితే? మళ్ళీ ఇంకో వారం. ఆ వారంలో దారి మూసుకుపోతే?

ఆయనకు చెప్పలేదు. చెప్తే అక్కడికి వెళ్ళి గొడవ పడతారు. గొడవ పడితే వాళ్ళు మాకు తీయనంటారేమో.

సాయంత్రం ఆయన స్నేహితుడు స్కూటరు ఇస్తే వాడికి జలుబు మందు తేవడానికి బయల్దేరారు. హెల్మెటు ఆయన తలకు దిగలేదు. నెత్తిన బోర్లించుకుని, గొంతు కింద పట్టీ కూడా అందక, పుట్టగొడుగులా నిలబడ్డారు. అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన దాన్ని తిరిగిచ్చేసి నడిచే వెళ్ళారు. చాలా రోజులకు నవ్వాను.

జూన్ 17, సోమవారం

నా బట్టలకున్న ఇనుప హుక్కులన్నీ ఊడదీసి దారపు నాడాలు కుట్టుకున్నాను. ఆ గదిలోకి ఇనుము రాకూడదట. ఈసారి లోపల ఉంటానని అడుగుతాను.

అద్దం ముందు నిలబడి అడిగి చూశాను. అద్దంలో బాగానే అడిగాను.

జూన్ 18, మంగళవారం

అడుగుతాను.

జూన్ 19, బుధవారం

వాడు పడుకున్నాడు, ఇల్లంతా పడుకుంది. మొత్తం రాస్తాను.

పొద్దుటి నుంచి వాణ్ణి పడుకోనివ్వలేదు. బస్సులో కళ్ళు మూతలు పడినప్పుడల్లా అత్తయ్య అరికాలు గోకింది. "ఈ ముసలిదానికి ఉరిశిక్ష రాస్తున్నాడే" అంది, వాడి చూపు చూసి. ఆకలికి నా మెడ వాసన చూసి ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. పక్క సీటాయన కన్నతల్లివి కాదా అన్నట్టు చూశాడు.

ఈసారి స్కాను తీసేది ఒక ఆడమనిషి. కళ్ళజోడు, తెల్ల చెప్పులు. అత్తయ్య అప్పటికప్పుడే ఆమెకు ఫోటో అమ్మాయి అని పేరు పెట్టేసింది. ఆమె బీరువా తెరిచి ఒక బుట్ట తీసి బల్ల మీద పెట్టింది. గుండ్రంగా, పొట్టిగా, రెండు ముక్కలు. పైన మడిచిన కాలు బొమ్మ అంటించి ఉంది.

మోకాలిదే.

"అక్కా" అన్నాను. గొంతు బయటికి రాలేదు. ఆమె మూత తుడుస్తోంది. నా ఒళ్ళో వాడు ఏడుస్తున్నాడు. మళ్ళీ అన్నాను. ఎంత గట్టిగా వచ్చిందంటే అత్తయ్య కుర్చీలో అదిరిపడింది.

"అక్కా, ఇది మోకాలిది. మావాడికి చూడాల్సింది తల."

ఆమె తుడవడం ఆపింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ఈ మాట ఎన్నాళ్ళ నుంచి మోస్తున్నావమ్మా?" అంది.

"శుక్రవారం నుంచి."

"అయ్యో పిచ్చితల్లీ. అప్పుడే అడగొద్దూ?" అని నన్ను బీరువా దగ్గరికి పిలిచింది. ఒంటి లోపలి నుంచి చాలా సన్నటి పలుకు లాంటిది వస్తుందట, మనుషుల చెవికి వినపడదు. కాయిల్ అంటే ఈ బుట్టేనట, ఈ బుట్టలే యంత్రానికి చెవులు. చెవి ఎంత దగ్గరగా పెడితే అంత బాగా వింటుంది. దూరంగా పెడితే పలుకు తక్కువ, గోల ఎక్కువ. ఆ గోలే మొన్నటి ఫోటోల్లో ఇసుక. పెద్దవాళ్ళ తల బుట్ట వాడికి చాలా దూరం. పసివాళ్ళ తలకని విడిగా చేసిన బుట్ట వీళ్ళ దగ్గర లేదు. మెత్తగా వంగే దుప్పటి లాంటిది ఒకటుంది, చిన్న తలకు చుడితే దాని అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కి సరిగా వినవు. ఇక మిగిలింది మోకాలిది. పెద్దవాళ్ళ మోకాలంత ఉంటుంది పసివాడి తల. చెవి దగ్గర పెట్టామా లేదా అన్నదే లెక్క, దాని మీద ఏ బొమ్మ ఉందన్నది కాదు.

నాకు అర్థమైంది. ఆయన అన్న చొక్కా మాటే.

అత్తయ్య కుర్చీలోంచే, "బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం సామెతే అనుకున్నాను ఇన్నాళ్ళూ" అంది. అప్పుడు ఆమె నవ్వింది. కళ్ళజోడు తీసి తుడుచుకునేంత నవ్వింది.

కానీ మావాడి తల మామూలు పసివాడి తల కాదు కదా. పడుతుందా? అది ఆమె నోటితో అనలేదు, బుట్ట లోపలికి చెయ్యి పెట్టి చూసుకోవడంలోనే తెలిసింది. నా సంచిలో ఆయన టేపు ఉంది. తీసి ఇచ్చాను. ఆమె బుట్ట లోపల కొలిచింది, నేను వాడి తల కొలిచాను. ఈ నెలలో ఆ తలను కొలవడం నాకు అదే మొదలు. కుట్టుపని ఇంట్లో ఉంటూ, టోపీలు కుడుతూ, ఒక్కసారి కూడా టేపు పెట్టలేదు నేను.

పట్టింది. అటొక వేలు, ఇటొక వేలు సందు. దానికి పలచటి గుడ్డ మడత చాలంది. ఇంకో నెల ఆగి వచ్చి ఉంటే పట్టేది కాదేమో అని కూడా అంది.

"నేను లోపల ఉంటాను" అన్నాను. అద్దం ముందు అన్నంత బాగా రాలేదు. "హుక్కులన్నీ తీసేశాను, నాడాలే."

ఆమె నాడాలు చూసింది. "నువ్వే కుట్టావా? చెవులవీ గాజులూ కూడా తీసి పెద్దమ్మకు ఇచ్చెయ్" అంది.

పాలివ్వడానికి మళ్ళీ సిగ్గు. గదికి పెద్ద అద్దం, అద్దం అవతల మగమనిషి. నేను చెప్పకుండానే ఆమె దుప్పటి తెచ్చి అద్దానికి అడ్డం కట్టింది. వాడు తాగాడు, తాగుతూ తాగుతూ చేతులు వదిలేశాడు. చెవులకు మెత్తటి బిళ్ళలు అంటించి, గుడ్డలో పొట్లంలా చుట్టి, తల బుట్టలో పెట్టింది. మూత వేసింది. మోకాలి బుట్టలోంచి వాడి ముక్కు మాత్రం కనిపించింది.

దుప్పటి తీసి, తలుపు వేసి ఆమె వెళ్ళిపోయింది. నా చెవులకూ ఏవో పెట్టారు. నా చెయ్యి వాడి పాదాల మీద ఉంది.

యంత్రం మొదలైంది. టకటకటకటక. ఇనుప గుహలో కూర్చుని ఎవరో వెయ్యి చొక్కాలు కుడుతున్నట్టు. నాకు భయం వేయాల్సింది, వేయలేదు. అది మా గోడ అవతలి చప్పుడే, కాకపోతే కోపంగా ఉంది. వాడు హాయిగా ఉన్నాడు.

ఆగింది.

చేతి కింద పాదం కదిలింది. గుడ్డలో మోకాలు ముడుచుకుంది. నాకు తెలుసు, ఇప్పుడు కళ్ళు తెరుస్తాడు, ఎవరు ఆపమన్నారని చూస్తాడు, తరువాత తల తిప్పుతాడు. మొన్న అలాగే అయింది.

అద్దం అవతల ఆమె ఉంది, ఆ మగమనిషి ఉన్నాడు. మైకు ఉంది, నేనేమన్నా వాళ్ళకు వినిపిస్తుంది.

గుహలోకి వంగి నోటితో మిషను కుట్టాను. టకటకటకటక. అంచు వచ్చినచోట ఆయన నెమ్మది చేసినట్టు నెమ్మది చేశాను, మళ్ళీ తొక్కాను. నోరు ఎండిపోయింది. పాదం మెత్తబడింది. యంత్రం అందుకుంది. అది ఆగినప్పుడల్లా నేను, నేను ఆగినప్పుడు అది. ఇద్దరం కలిసి కుట్టాం.

బయటికి వచ్చాక ఆ మగమనిషి లేచి నిలబడి, "ఏ కంపెనీ మిషనమ్మా అది?" అన్నాడు. తల వంచుకున్నాను, కానీ నవ్వు దాచుకోలేకపోయాను. ఆమె తెర మీద ఒక బొమ్మ చూపించింది. అందులో ఏముందో చెప్పడం డాక్టరు పని, తను చెప్పకూడదంది. ఇసుక మాత్రం లేదు. అక్రోటు కాయను రెండుగా చీల్చి చూసినట్టు, ప్రతి మడతా స్పష్టంగా ఉంది.

మావాడి లోపల అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు.

జూన్ 20, గురువారం

రేపు డాక్టరు దగ్గరికి. ఆయన, రేపు కొట్టు మూసేస్తాను, యూనిఫారాలు ఒక రోజు ఆలస్యమైతే పిల్లలు సంతోషిస్తారు అన్నారు. మోకాలి సంగతి ఇప్పుడు చెప్పాను. నవ్వలేదు, కోప్పడలేదు. నువ్వు అడిగావా, నువ్వేనా అని మళ్ళీ మళ్ళీ అడిగారు.

జూన్ 21, శుక్రవారం

దారులన్నీ తెరిచే ఉన్నాయి.

ముందు అది రాసేశాను. 

నీరు మెదడు బయట, చుట్టూతా కొంచెం ఎక్కువ ఉందట. లోపలి దారుల్లో ఎక్కడా అడ్డు లేదు. గొట్టం అక్కర్లేదు, ఆపరేషను అక్కర్లేదు. కొందరు పిల్లల్లో ఇలా ఉంటుందట, పెరిగేకొద్దీ దానంతటదే సర్దుకుంటుందట. ఎక్కువగా ఇది పెద్ద తలలున్న కుటుంబాల్లో వస్తుందని చెప్తూ చెప్తూ డాక్టరు ఆగిపోయి ఆయన వైపు చూసింది. ఆయన అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"మీరు బాబు నాన్నగారా? ఒకసారి మీ తల కొలవొచ్చా?"

కొట్టు మూసి వచ్చారు గానీ మెడలో టేపు తీయడం మరిచిపోయారు. అదే తీసి ఇచ్చి, స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నారు. డాక్టరు కొలిచి, కాగితం తిప్పి ఆ రోజు రాసుకున్నది చదివి, అత్తయ్య వైపు చూసింది.

అత్తయ్య గోడకున్న పళ్ళ బొమ్మల వైపు చూస్తోంది. అటే చూస్తూ, "మీరు వంశంలో లోపం ఉందా అని అడిగారనుకున్నానమ్మా" అంది. "మా అబ్బాయి తల వాళ్ళ నాన్న తల. ఆయన తలకు ఏనాడూ టోపీ దొరకలేదు. అది లోపం అని నేనెలా ఒప్పుకుంటాను?"

డాక్టరు నవ్వు ఆపుకుని, ముందే చెప్పినా స్కాను తీయించేదాన్నే, దారి సంగతి చూడకుండా వదిలేదాన్ని కాదు, కానీ మీకు ఇంత భయం ఉండేది కాదు అంది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.  వదల్లేదు.

నేను మూడు ప్రశ్నలు అడిగాను. ఏవి కనిపిస్తే వెంటనే పరుగెత్తుకు రావాలి అని. వాంతులు ఆగకపోతే, మరీ మత్తుగా పడి ఉంటే, కళ్ళు కిందికే దిగిపోయి ఉంటే అని చెప్పింది, రాసి కూడా ఇచ్చింది. మళ్ళీ కొలతకు ఎప్పుడు రావాలి అని. నెలకోసారి. టోపీ పెట్టొచ్చా అని. తప్పకుండా, లూజుగా, అంది.

బయటికి వస్తుంటే దారి నేనే చూపించాను.

జూన్ 23, ఆదివారం

పొద్దున టేపు పెట్టి కొలిచాను. వాడి తల, తరువాత వాడి నాన్న తల. ఆయన గిలిగింత అని తప్పించుకోబోతే అత్తయ్య పట్టుకుంది. ఆ నీలం గుడ్డలోనే రెండు టోపీలు కత్తిరించాను, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. జడ్జిగారు ఉయ్యాలలో పడుకుని నేను మిషను తొక్కడం విన్నాడు.

ఆయన పెట్టుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడ్డారు. పుట్టాక ఆయన తలకు దిగిన మొదటి టోపీ అదేనట.

మిగిలిన ముక్కలు సర్దుతుంటే ఈ నెల మొదట్లో బిగుతయిన పాత టోపీ దొరికింది. టేపు పెట్టి చూశాను. నేను కత్తిరించిన కొలతే, ఒక్క నూలు తగ్గలేదు.

బట్ట ముడుచుకోలేదు. వాడు పెరిగాడు.